చిప్పులో కదిలే యంత్రం

— బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి

యంత్రం అనగానే మన కళ్ళకు కట్టేది చక్రం, ఇరుసు, పిస్టను, పళ్ళచక్రం, వాటి మధ్య కారే నల్లని నూనె. ఎలక్ట్రానిక్స్ అనగానే గుర్తుకొచ్చేది ఎక్కడా కదలిక లేని ఒక నల్లని చిప్పు, దాని అంచున వరసగా లోహపు కాళ్ళు. ఒకటి చప్పుడు చేస్తుంది, రెండోది చేయదు. ఒకదానికి గ్రీజు పూయాలి, రెండోదానికి దుమ్ము కూడా తగలకూడదు. చదువుల్లో కూడా ఈ రెండింటికీ వేర్వేరు శాఖలు, వేర్వేరు పుస్తకాలు.

అయితే గత అర్ధశతాబ్దంలో ఈ రెండూ ఒకే సిలికాన్ ముక్క మీద కాపురం పెట్టాయి. మీ జేబులోని సెల్‌ఫోన్‌ను అడ్డంగా తిప్పితే అందులోని బొమ్మ కూడా అడ్డంగా తిరుగుతుంది. అలా తిరగాలంటే ‘కింద’ అనేది ఎటు వుందో ఫోనుకు తెలియాలి. ఆ సంగతి చెప్పే చిప్పులో నిజంగానే ఒక బరువు వుంది, దాన్ని పట్టుకున్న స్ప్రింగులు వున్నాయి, అవి నిజంగానే కదులుతాయి. ఈమధ్య మా వైపు మిరప చేలల్లో మందు కొట్టడానికి డ్రోన్లు వస్తున్నాయి. గాలి ఎటు తోసినా ఒరిగిపోకుండా అవి నిలబడుతున్నాయంటే లోపల ఇలాంటి చిప్పులు క్షణక్షణం వంపును కొలిచి చెబుతూ వుండడం వల్లనే.

వీటికి ఇంగ్లీషులో మైక్రో ఎలక్ట్రో మెకానికల్ సిస్టమ్స్ అని పేరు. పొడి అక్షరాల్లో మెమ్స్. సూక్ష్మ విద్యుత్ యాంత్రిక వ్యవస్థలు అని మనం తెలుగు చేసుకోవచ్చు. వీటిని రూపొందించేవాడు ఏయే చిక్కుల మధ్య కూర్చుని ఆలోచించవలసి వస్తుందో చెప్పాలన్నది ఈ వ్యాసంలో నా ప్రయత్నం. ఎందుకంటే ఆ చిక్కులన్నీ మన బి.ఎస్సి. పాఠ్యపుస్తకాల్లోని అధ్యాయాలే. అక్కడ మనం విడివిడిగా చదివి పరీక్ష రాసి మరిచిపోయినవి ఇక్కడ ఒకదానితో ఒకటి తలపడతాయి.

పుట్టుపూర్వోత్తరాలు

1954లో బెల్ ప్రయోగశాలలో చార్లెస్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు ఒక విషయం ప్రకటించాడు. సిలికాన్‌ను, జెర్మేనియంను నొక్కినా లాగినా వాటి విద్యుత్ నిరోధం మారుతుంది. లోహపు తీగలో కూడా ఈ మార్పు వుంటుంది గాని, అర్ధవాహకాల్లో అది పదుల రెట్లు ఎక్కువ. అంటే సిలికాన్ తన మీద పడిన ఒత్తిడిని తానే విద్యుత్ భాషలోకి మార్చి చెప్పగలదన్నమాట. తరువాత వచ్చిన సిలికాన్ పీడన మాపకాలకు ఇదే పునాది.

1959 డిసెంబరు 29న కాల్టెక్‌లో రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ప్రసంగం చేశాడు. అడుగున బోలెడంత చోటు వుందని, యంత్రాలను ఎంతో చిన్నవి చేయవచ్చునని దాని సారాంశం. అంగుళంలో 64వ వంతు ఘనంలో ఇమిడే మోటారు చేసినవారికి వెయ్యి డాలర్ల బహుమానం ఇస్తానన్నాడు. కొత్త విద్య ఏదో పుట్టాలని ఆయన ఆశ. కాని 1960లోనే విలియం మెక్‌లెల్లన్ అనే ఇంజనీరు మామూలు పనిముట్లతో, సూక్ష్మదర్శిని కింద చూస్తూ, చేతి ఓపికతో ఆ మోటారు చేసి తెచ్చాడు. బహుమానం ఇవ్వక తప్పలేదు. కొత్త విద్య మాత్రం పుట్టలేదు.

ఆ విద్య చిప్పుల కార్ఖానాలోనే పుట్టింది. వెస్టింగ్‌హౌస్ కంపెనీలో హార్వే నాథన్సన్, ఆయన సహచరులు 1967లో ఒక వింత ట్రాన్సిస్టరును వివరించారు. దాని గేటు కదలకుండా పడివుండే లోహపు పొర కాదు. గాలిలోకి చాచిన సన్నని బంగారు కడ్డీ. తన సహజ పౌనఃపున్యం వచ్చినప్పుడే అది గట్టిగా కంపిస్తుంది, అప్పుడే ట్రాన్సిస్టరు స్పందిస్తుంది. తీగచుట్టలు లేకుండా చిప్పు మీదనే ఒక్క స్వరాన్ని ఏరుకోవాలన్నది వారి ఉద్దేశం. అది వ్యాపారంగా నిలబడలేదు. కాని వలయమూ యంత్రమూ ఒకే ముక్క మీద, ఒకే పద్ధతిలో పుట్టవచ్చునని లోకానికి తెలిసింది.

1982లో ఐ.బి.ఎం.లో పనిచేస్తున్న కర్ట్ పీటర్సన్ సిలికాన్‌ను యాంత్రిక పదార్థంగా చూడమని చెబుతూ ఒక సుదీర్ఘ వ్యాసం రాశాడు. ఈ రంగంలోకి వచ్చేవారు ఇప్పటికీ దానితోనే మొదలుపెడతారు. సిలికాన్ పలక కిందపడితే గాజులా పగిలిపోతుంది కదా, అదేం యాంత్రిక పదార్థం అని మనకు అనిపిస్తుంది. పగిలేది దాని అంచున, ఉపరితలం మీద వున్న గీతల వల్ల. అలాంటి లోపాలు లేని సన్నని స్ఫటికపు కడ్డీని తీసుకుంటే దాని యంగ్ గుణకం ఉక్కుకు దగ్గరగా వుంటుంది, సాంద్రత ఉక్కులో మూడో వంతు కన్నా తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, మామూలు ఉష్ణోగ్రతలో అది వంగి అలాగే వుండిపోదు. వదిలేస్తే మొదటి చోటికి వచ్చి తీరుతుంది, లేదా విరిగిపోతుంది. మధ్యేమార్గం లేదు. స్ప్రింగుకు అంతకన్నా మంచి గుణం ఏం కావాలి?

చిన్నలోకపు చట్టాలు

పెద్ద యంత్రాన్ని ఫోటోలా కుదించితే చిన్న యంత్రం రాదు. పొడవును పదో వంతు చేస్తే వైశాల్యం నూరో వంతు అవుతుంది, ఘనపరిమాణం వెయ్యో వంతు అవుతుంది. బరువు ఘనపరిమాణాన్ని బట్టి పోతుంది. అంటుకునే గుణం, గాలి అడ్డు, విద్యుదాకర్షణ ఉపరితలాన్ని బట్టి పోతాయి. కాబట్టి చిన్నది అవుతున్నకొద్దీ బరువు పెత్తనం పోయి ఉపరితలం పెత్తనం వస్తుంది.

దీనికి ఉదాహరణలు పొలంలోనే వున్నాయి. చీమను చెట్టు కొమ్మ మీదనుంచి పడేస్తే దులుపుకుని నడిచిపోతుంది. నీళ్ళు నిలిచిన మడిలో సన్నకాళ్ళ పురుగు నీటి మీదనే పరుగెడుతుంది. మనకు బరువు యముడు, తలతన్యత లెక్కలోకి రాదు. ఆ పురుగుకు బరువు లెక్కలోకి రాదు, తలతన్యతే నేల. అదే పురుగును ఒక్క నీటి బొట్టు కమ్మేసిందా, బయటపడడం గండమే.

మైక్రాన్ల లోకంలో యంత్రం పరిస్థితి సరిగ్గా అదే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70, 80 మైక్రాన్లు. అక్కడ గాలి మనకు తోచినంత పలుచన కాదు. రెండు మైక్రాన్ల సందులో ఇరుక్కున్న గాలి, దగ్గరికి వచ్చే రెండు పలకల మధ్య బెల్లం పాకంలా అడ్డుపడుతుంది. విద్యుత్ మోటారులో మనం వాడే అయస్కాంతపు తీగచుట్ట అక్కడ పనికిరాకుండా పోతుంది. దాని బదులు రెండు పలకల మధ్య స్థిర విద్యుదాకర్షణ పనిమంతురాలు అవుతుంది. మన ప్రయోగశాలలో కాగితం ముక్కలను ఎత్తడానికే తంటాలుపడే ఆ బలం అక్కడ మోటార్లు తిప్పుతుంది. బర్క్‌లీలో 1988లో అలాంటి మోటారు తిప్పి చూపించారు. దాని తిరిగే భాగం వెంట్రుక మందంతో పోల్చదగినంతే.

కట్టడం, కూల్చడం

ఇంత చిన్న భాగాలను విడిగా చేసి బిగించడానికి ఏ పట్టకారూ పనికిరాదు. బిగింపు లేకుండానే, పుట్టిన చోటే, పనిచేసే స్థితిలో యంత్రం పుట్టాలి. గాలిలో వేలాడే కడ్డీని కింద ఆధారం లేకుండా ఎలా పోస్తారు?

ఇంటికి శ్లాబు వేయడం చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ముందు చెక్కలతో సెంట్రింగు కొడతారు. దాని మీద కాంక్రీటు పోస్తారు. గట్టిపడ్డాక సెంట్రింగు ఊడదీస్తారు. శ్లాబు నిలుస్తుంది. సిలికాన్ పలక మీద కూడా అంతే. ముందు రెండు మైక్రాన్ల మందాన సిలికాన్ ఆక్సైడు పొర వేస్తారు. అది సెంట్రింగు. దాంట్లో స్తంభాలకు కావలసిన చోట గుంతలు తీస్తారు. పైన పాలీసిలికాన్, అంటే చిన్న చిన్న స్ఫటికాలు కలిసిన సిలికాన్ పొర వేసి, ఫోటో పద్ధతిలో కడ్డీల ఆకారం చెక్కుతారు. చివరికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచుతారు. ఆమ్లం ఆక్సైడును తినేసి సిలికాన్ జోలికి దాదాపు పోదు. కడ్డీ గాలిలో తేలుతుంది. బర్క్‌లీలో రోజర్ హోవ్, రిచర్డ్ ముల్లర్ 1980ల మొదట్లో ఈ పద్ధతిని స్థిరపరిచారు.

ఇక్కడే డిజైను మొదలవుతుంది. వెడల్పయిన పలక కింద నడిమధ్యకు ఆమ్లం చేరాలంటే చాలా సేపు పడుతుంది, ఆలోగా తినకూడనివి కూడా తింటుంది. అందుకని పలక నిండా జల్లెడలా రంధ్రాలు పెట్టాలి. 1990ల నుంచి నడుస్తున్న మంప్స్ అనే ఉమ్మడి తయారీ పద్ధతిలో ఆ రంధ్రాల ఎడం సుమారు 30 మైక్రాన్లు దాటకూడదని నియమం. అంటే యంత్రం ఎలా పనిచేయాలన్నది ఒక్కటే చాలదు. అది ఎలా కడగబడుతుందో కూడా బొమ్మ గీసేటప్పుడే తలచుకోవాలి.

కడిగాక ఆరబెట్టడం ఇంకో గండం. తడిసిన రెండు అరిటాకులు ఎలా అతుక్కుపోతాయో చూశారు కదా. కడ్డీ కింద మిగిలిన నీరు ఆరుతూ ఆరుతూ తలతన్యతతో కడ్డీని కిందికి లాగుతుంది. నేలకు తగిలిందా, మళ్ళీ లేవదు. నీరు పోయినా ఉపరితలాల ఆకర్షణ పట్టుకునే వుంటుంది. ఎన్నో తొలి ప్రయత్నాలు ఈ ఆరబెట్టే దశలోనే నేల కరిచాయి. ఇప్పుడు ద్రవరూపం, వాయురూపం అనే తేడా లేని స్థితికి కార్బన్ డయాక్సైడును తెచ్చి, తలతన్యతకు తావు లేకుండా ఆరబెడతారు. ద్రవంతో పని లేకుండా ఆమ్లపు ఆవిరితో తినిపించడం మరో పద్ధతి. కడ్డీ అడుగున చిన్న చిన్న మొటిమలు పెట్టి, తగిలినా అతి తక్కువ చోట తగిలేలా చేయడం డిజైనరు చేతిలో వున్న జాగ్రత్త.

దూలం, దువ్వెన, వలయం

ఇప్పుడు ఒక పరికరాన్నే పట్టుకుని కొంచెం లెక్క చూద్దాం. కారు దేన్నయినా గుద్దుకున్నప్పుడు గాలిసంచి విచ్చుకోవాలా వద్దా అన్నది కొన్ని పదుల మిల్లీసెకన్లలో తేలాలి. దానికి త్వరణాన్ని కొలిచే చిప్పు కావాలి. 1990ల మొదట్లో అనలాగ్ డివైసెస్ కంపెనీ ఎ.డి.ఎక్స్.ఎల్.50 పేరుతో ఇలాంటి చిప్పును మార్కెట్టుకు తెచ్చింది. గురుత్వ త్వరణానికి 50 రెట్ల వరకు కొలవడం దాని పని. యంత్రమూ వలయమూ ఒకే ముక్క మీద వుండి పెద్ద ఎత్తున అమ్ముడైన తొలి పరికరాల్లో అదొకటి.

లోపల ఏముంది? నడుమ ఒక దూలం. దాని రెండు చివరలా సన్నని స్ప్రింగు కడ్డీలు. దూలం పక్కలనుంచి దువ్వెన పళ్ళలా వేళ్ళు బయటికి వస్తాయి. ప్రతి వేలుకూ అటొకటి ఇటొకటి కదలని వేళ్ళు. కదిలే వేలు, కదలని వేలు కలిస్తే ఒక సమాంతర పలకల కెపాసిటర్. కారు ఒక్కసారి ఆగితే దూలం జడత్వం వల్ల ముందుకు జరుగుతుంది. ఒకవైపు సందు తగ్గుతుంది, రెండోవైపు పెరుగుతుంది. ఒక కెపాసిటెన్స్ పెరుగుతుంది, మరొకటి తగ్గుతుంది. ఈ రెండింటినీ త్రాసులో తూచినట్టు తూచేది పక్కనే వున్న వలయం.

దూలం ద్రవ్యరాశి సుమారు 0.1 మైక్రోగ్రాము. అంటే గ్రాములో కోటో వంతు. సందు 1.3 మైక్రాన్లు. సహజ పౌనఃపున్యం 24 కిలోహెర్ట్జ్ అనుకుందాం. సరళ హరాత్మక చలనంలో మనం చదివిన సూత్రం ప్రకారం, జరిగే దూరం త్వరణాన్ని కోణీయ పౌనఃపున్య వర్గంతో భాగిస్తే వస్తుంది. 50 రెట్ల త్వరణానికి లెక్కకడితే సుమారు 22 నానోమీటర్లు. వెంట్రుక మందంలో మూడువేలో వంతు. ఒక్క రెట్టు త్వరణానికయితే 0.43 నానోమీటరు. సిలికాన్ స్ఫటికపు యూనిట్ సెల్ భుజమే 0.543 నానోమీటరు! అంటే ఒక సెల్ కన్నా తక్కువ దూరం కదిలిన కదలికను చిప్పు పట్టుకుంటోంది. వేళ్ళన్నింటి మీద వున్న కోటానుకోట్ల పరమాణువుల సగటు కదలికను కొలవడం వల్లనే ఇది సాధ్యమవుతోంది.

ఇక కెపాసిటెన్స్ చూడండి. ఒక్కోవైపు మొత్తం కలిసి 0.1 పికోఫారడ్. 22 నానోమీటర్లు కదిలితే అందులో మారేది 1.7 శాతం. అంటే 1.7 ఫెమ్టోఫారడ్. చిప్పు నుంచి ఒక తీగ బయటికి తీసి పక్క చిప్పుకు కలిపితే ఆ తీగ ఒక్కటే పికోఫారడ్ స్థాయి కెపాసిటెన్స్ తెచ్చిపెడుతుంది. చెరువులో పోసిన చెంబెడు నీళ్ళను వెతికినట్టు అవుతుంది మన పని. అందుకే వలయాన్ని దూలం పక్కనే పెట్టారు. ఒకే ముక్క మీద కాపురం అన్నది ముచ్చటకు కాదు, ఈ లెక్క వల్ల.

మరి దూలాన్ని ఎక్కువ కదిలేలా చేస్తే సరిపోదా? స్ప్రింగులను మెత్తన చేస్తే కదలిక పెరుగుతుంది. కాని సహజ పౌనఃపున్యం పడిపోతుంది, పరికరం మందకొడి అవుతుంది. పైగా ఆరబెట్టేటప్పుడు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇంకొకటి కూడా వుంది. కొలవడానికి పలకల మీద వోల్టేజి పెట్టాలి, వోల్టేజి పెడితే ఆకర్షణ పుడుతుంది. పలక దగ్గరికి జరిగినకొద్దీ ఆకర్షణ సందు వర్గానికి విలోమంగా పెరుగుతుంది, స్ప్రింగు వెనక్కి లాగేది మాత్రం దూరానికి అనులోమంగానే. సందులో మూడో వంతు దాటితే ఇక స్ప్రింగు గెలవలేదు. పలక ఠక్కున అవతలి పలకకు అతుక్కుంటుంది. ఈ మూడో వంతు గీతను నాథన్సన్ 1967 నాడే చూపించాడు. వలయం వాడు గుర్తు స్పష్టంగా రావడానికి వోల్టేజి పెంచమంటాడు. యంత్రం వాడు వద్దంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరినీ ఒప్పించే అంకె వెతకడమే డిజైను.

పది శాతం తప్పుకు ఇరవైఏడు శాతం జరిమానా

చిన్న వస్తువు అంటే మహా ఖచ్చితమైన వస్తువు అని మన అందరికీ ఒక అభిప్రాయం. నిజం దానికి విరుద్ధం. మంచి లేత్ మిషను మీద 20 మిల్లీమీటర్ల ఇరుసును 0.02 మిల్లీమీటరు తేడాతో తీయవచ్చు. అది వెయ్యిలో ఒక వంతు తప్పు. చిప్పు మీద రెండు మైక్రాన్ల వెడల్పు స్ప్రింగు 0.2 మైక్రాను సన్నబడితే అది పది శాతం తప్పు. ఇరుసు కన్నా నూరు రెట్లు ఎక్కువ.

అక్కడితో ఆగదు. పక్కకు వంగే కడ్డీ బలస్థిరాంకం వెడల్పు ఘనాన్ని బట్టి మారుతుంది. 0.9ని మూడుసార్లు హెచ్చిస్తే 0.729. పది శాతం సన్నబడితే స్ప్రింగు 27 శాతం మెత్తబడిపోతుంది. ఒకే రోజు, ఒకే పలక మీద పుట్టిన రెండు చిప్పులు రెండు రకాలుగా మాట్లాడతాయి. కార్ఖానా ఎంత జాగ్రత్తపడినా ఈ తేడా పూర్తిగా పోదు.

దీన్ని సరిదిద్దేది వలయమే. ప్రతి చిప్పునూ తెలిసిన త్వరణంతో పరీక్షించి, దాని తేడాను దానిలోనే రాసిపెడతారు. ఎ.డి.ఎక్స్.ఎల్.50లో ఇంకో ఉపాయం కూడా చేశారు. దూలం కదలబోగానే వలయం విద్యుదాకర్షణతో దాన్ని నడిమికి నెట్టేస్తుంది. ఎంత వోల్టేజితో నెట్టవలసి వచ్చిందన్నదే కొలత. అప్పుడు స్ప్రింగు ఎంత మెత్తన అన్నదానితో పెద్దగా పని వుండదు. యంత్రం లోపాన్ని వలయం కడుపులో పెట్టుకుంటుంది.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతులు మా నాన్నకు చెప్పాను. ఆయన ఆయిలింజను చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెప్పగలడు, సగం మరమ్మతులు చెట్టు కిందే చేసుకుంటాడు. అంతా విని, “బాగానే వుందిరా. అంత చిన్న మిషను చెడిపోతే ఎవడు విప్పుతాడు, ఎవడు బాగుచేస్తాడు?” అన్నాడు. ఆ ప్రశ్న నన్ను చాలా దూరం తీసుకుపోయింది. ఎవరూ విప్పరు. ఎవరూ బాగుచేయలేరు. అందువల్ల మరమ్మతు చేసేవాడి అనుభవమంతా ముందుగానే డిజైనులోకి రావాలి. గాలిసంచి చిప్పులో ఆ ఏర్పాటు వుంది. వలయం కొన్ని వేళ్ళ మీద వోల్టేజి పెట్టి దూలాన్ని తానే లాగి చూస్తుంది. కదలవలసినంత కదిలిందా, యంత్రం బతికే వున్నట్టు. చెట్టు కింద కూర్చుని చక్రాన్ని చేత్తో తిప్పి చూసే పనే అది. చేసేది మాత్రం వలయం.

ముందు ఎవరు, వెనుక ఎవరు?

ఒకే ముక్క మీద రెండూ పుట్టాలంటే ఏది ముందు పుట్టాలన్న తగవు వస్తుంది. పాలీసిలికాన్ పొరలో దాగివున్న ప్రతిబలం పోవాలంటే దాన్ని వెయ్యి డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కాల్చాలి. లేకపోతే ఆమ్లంలోంచి బయటికి రాగానే కడ్డీ ఎండుటాకులా ముడుచుకుపోతుంది. వలయంలో తీగలు అల్యూమినియంవి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, 450 దాటితేనే వలయానికి కీడు మొదలు. వలయం ముందు పుడితే యంత్రాన్ని కాల్చలేం. యంత్రం ముందు పుడితే దాని ఎగుడుదిగుళ్ళ మీద వలయాన్ని ఫోటో తీయలేం.

దీనికి ఒక్కొక్కరు ఒక్కో పరిష్కారం చూపించారు. అమెరికాలోని సాండియా ప్రయోగశాల వారు 1990లలో సిలికాన్‌లో గుంత తవ్వి, యంత్రాన్ని అందులో కట్టి, పూడ్చి, పైన నున్నగా సానబెట్టి, ఆ తరువాత వలయం వేశారు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. ఆయన 1987లో కనిపెట్టిన చిప్పులో ముందు వలయం పుడుతుంది. దాని మీద అల్యూమినియం అద్దాలు, సన్నని లోహపు మడతబందులు తక్కువ వేడిలోనే వేస్తారు. సెంట్రింగుకు ఆక్సైడు బదులు ఫోటోరెసిస్టు అనే రసాయనపు పొర వాడతారు.

మన ఊరి సినిమా హాలులో డిజిటల్ ప్రొజెక్టరు వుంటే అందులో ఈ చిప్పు వుండే అవకాశం ఎక్కువ. 2కె రకం చిప్పులో 2048 వరసల చొప్పున 1080 బారుల అద్దాలు. మొత్తం 22 లక్షల పైచిలుకు. ఒక్కొక్కటి తెర మీద ఒక చుక్కకు కాపలా. అటు వాలితే వెలుగు, ఇటు వాలితే చీకటి. సెకనుకు వేలసార్లు వాలుతూ మధ్యరకపు వెలుగులన్నీ సృష్టిస్తాయి. దీనికి గాను హార్న్‌బెక్ 2015లో ఆస్కార్ విజ్ఞాన, సాంకేతిక పురస్కారం అందుకున్నాడు. తక్కువ వేడికి చెల్లించిన మూల్యం మాత్రం వుంది. లోహానికి సిలికాన్ నిజాయితీ లేదు. ఎక్కువ సేపు ఒకే వైపు వాలిన అద్దం ఆ వైపే మొగ్గడం నేర్చుకునేది. మడతబందుల మిశ్రలోహం మార్చి ఆ అలవాటు మాన్పించవలసి వచ్చింది.

ఇక మూడో దారి, వేరు కాపురం. యంత్రానికి ఒక ముక్క, వలయానికి ఒక ముక్క, రెంటినీ ఒకే పెట్టెలో పక్కపక్కనో ఒకదానిమీదొకటో పెట్టి కలపడం. ఈనాటి ఫోన్లలో ఎక్కువగా వున్నది ఇదే. పెద్ద ద్రవ్యరాశి, మందమైన సిలికాన్ పొర వచ్చాక కదలిక వల్ల పుట్టే గుర్తు పెరిగింది. తీగ దొంగిలించేది పోగా మిగిలింది చాలునన్న ధైర్యం వచ్చింది. కాపురాలు వేరైనా లెక్క మాత్రం ఉమ్మడే. ఒకరు వోల్టేజి మార్చితే రెండోవారి స్ప్రింగు మారుతుంది.

మూత కూడా డిజైనే

మామూలు చిప్పును ప్లాస్టిక్‌లో ముంచేసి ఊరుకోవచ్చు. కదిలే చిప్పును ముంచితే దూలం సమాధి అయిపోతుంది. అసలు అంతకుముందే, పెద్ద పలకను చిప్పులుగా కోసేటప్పుడు నీళ్ళు చిమ్ముతూ రంపంతో కోస్తారు. ఆ నీరు, ఆ పొడి తగిలితే యంత్రం పని సరి. అందుకని కోయకముందే పలక మీద మరో పలకను మూతగా అతికిస్తారు. లోపల ఎంత గాలి వుంచాలన్నది మళ్ళీ లెక్కే. త్వరణమాపకంలో దూలం ఊగుతూ వుండిపోకుండా గాలి కొంత అడ్డుపడాలి. భ్రమణాన్ని కొలిచే చిప్పులో కంపించే ద్రవ్యరాశికి శూన్యం కావాలి. చాలాసార్లు చిప్పు ఖర్చు కన్నా ఈ మూతలు, పరీక్షల ఖర్చే ఎక్కువ.

మూత ఎంత బిగువైనా సందు వెతికే వాయువులు వుంటాయి. 2018లో అమెరికాలో ఒక ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రం బిగిస్తుండగా హీలియం కారింది. పదుల సంఖ్యలో ఐఫోన్లు ఒక్కసారిగా మూగబోయాయి. మిగతా రకాల ఫోన్లు బాగానే వున్నాయి. కారణం వెతికితే తేలింది, ఆ ఐఫోన్లలో కాలాన్ని లెక్కపెట్టే గడియారం క్వార్ట్జ్ కాదు, శూన్యంలో కంపించే సిలికాన్ కడ్డీ. హీలియం పరమాణువులు అతి చిన్నవి కాబట్టి మూతలోంచి దూరి శూన్యాన్ని చెడగొట్టాయి. గడియారం ఆగితే ఫోనే ఆగింది. హీలియం మెల్లగా బయటికి పోయాక కొన్ని రోజులకు చాలా ఫోన్లు మళ్ళీ లేచాయి. వాయువుల వ్యాపనం అనే పాఠాన్ని ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

మనకెందుకు?

ఇదంతా ఇంజనీర్ల గొడవ, సైన్సు విద్యార్థులకు ఇందులో చోటెక్కడిదని కొందరు మిత్రులు అంటారు. పైన వచ్చిన అధ్యాయాలు ఒకసారి లెక్కపెట్టండి. హుక్ నియమం, కాంటిలీవరు వంపు, సరళ హరాత్మక చలనం, సమాంతర పలకల కెపాసిటర్, తలతన్యత, స్నిగ్ధత, స్ఫటిక నిర్మాణం, ఆమ్లాల రసాయనం, వ్యాపనం. ఒక్కటి కూడా మన సిలబసు బయటిది కాదు. ఇవి మనకు కొత్తగా రావు, మనకు వచ్చినవే ఒక చోట కలుస్తాయి. ఏ ఒక్క అధ్యాయం తెలిసినవాడూ ఆ చిప్పును గీయలేడు. రెండో అధ్యాయం వాడితో మాట్లాడడం తెలిసినవాడే గీయగలడు.

మన దేశంలో కూడా దారులు వున్నాయి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో నానో సైన్స్ కేంద్రం వుంది. అక్కడా, బొంబాయి ఐ.ఐ.టి.లోనూ వున్న సౌకర్యాలను ఇతర విద్యాసంస్థల పరిశోధకులకు కూడా అందించే పథకం నడిచింది. మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో ఈ తరహా పరికరాల మీద పని జరిగింది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు జి.కె. అనంతసురేశ్ ప్రభృతులు కలిసి రాసిన ‘మైక్రో అండ్ స్మార్ట్ సిస్టమ్స్’ అనే పుస్తకం మన స్థాయి నుంచి మొదలై పైకి తీసుకుపోతుంది. కార్ఖానా అందుబాటులో లేకపోయినా, పైన చేసిన లెక్కలకు కాగితం, పెన్సిలు చాలు.

యూనియన్ మిత్రులకు, అధ్యాపకులకు నాదొక మనవి. భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్, రసాయనశాస్త్రం విద్యార్థులు నెలకొక సాయంకాలం ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే పరికరం గురించి మాట్లాడుకునే ఏర్పాటు చేయండి. పాడైపోయిన ఫోను ఒకటి తెచ్చి మధ్యలో పెట్టినా చాలు. అందులో ఏ చిప్పు ఏది కొలుస్తుందో, ఎందుకు కొలవగలుగుతుందో ఒక్కో శాఖ వారు ఒక్కో ముక్క చెబుతారు. ఆ ముక్కలు అతికేటప్పుడు వచ్చే తగవులే మనకు అసలు పాఠం.